సంతకానికి ముందు

డాక్టరమ్మ ప్రశ్నలన్నీ వదినను అడిగింది.

గదిలో వచ్చినవాళ్లు కూర్చోవడానికి కుర్చీ ఒక్కటే ఉంది. మోకాళ్ల నొప్పులని అందులో వదిన కూర్చుంది. జబ్బు మనిషి గోడవారగా నిలబడింది. బల్ల మీద పడుకోబెట్టి చూసింది ఆమెనే, దగ్గమన్నదీ ముక్కమన్నదీ ఆమెనే. కానీ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక డాక్టరమ్మ తన ఎదుట కనిపించిన ముఖంతోనే మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు దాటిందండీ," అంది వదిన.

"కాన్పులు?"

"రెండు. రెండూ మామూలువే. రెండోవాడు నాలుగు కిలోలు, చూడముచ్చటగా పుట్టాడు."

"మూత్రం సాఫీగా వస్తుందా?"

"ఎక్కడండీ! వేలితో పైకి నెట్టుకుంటే గానీ రాదు," అంది వదిన, ఆ వేలు తనదే అయినట్టు.

గోడవార నిలబడ్డ మేస్త్రమ్మకు చెవులు వేడెక్కాయి. ఇదెక్కడి న్యాయమో! బాధ ఒకరిది, జవాబులు ఇంకొకరివి. టార్పాలిన్లు కుట్టే షెడ్డులో ఆరుగురు పనివాళ్ల మీద అజమాయిషీ ఆమెది. అందుకే అక్కడ అందరూ ఆమెను మేస్త్రమ్మ అంటారు. ఆ పేరు ఇంటి గుమ్మం దాకానే చెల్లుతుంది. గుమ్మం లోపల అజమాయిషీ భర్తగారి అక్కది, అంటే ఈ వదినది. వీధిలో ఎవరింట తగువు పుట్టినా పిలవకుండా వెళ్లి, రెండు పక్షాల తరఫునా వాదించి, ఇద్దరినీ ఓడించి వచ్చే మనిషి. కోర్టు మెట్లు ఎక్కకపోయినా ఆవిడకు లాయరు వదిన అనే పేరు స్థిరపడిపోయింది.

"జారకుండా లోపల రింగు పెట్టి చూశారా?"

"రెండుసార్లు పెట్టారండీ. రెండుసార్లూ జారిపడింది. ఒకసారి అన్నం వడ్డిస్తూ ఉండగా!"

డాక్టరమ్మ స్కానింగు కాగితాలు తిరగేసింది. "గడ్డలు లేవు. మిగతా పరీక్షలూ బాగున్నాయి. గర్భసంచి కిందికి జారింది, అంతే. పిల్లలు పుట్టేశారు కదా, తీసేద్దాం. బుధవారం చేరండి, గురువారం ఆపరేషన్."

"తీసేయండమ్మా, పీడ విరగడవుతుంది. నాది తీసి పదహారేళ్లయింది. చూడండి, గుండ్రాయిలా ఉన్నాను."

"అమ్మా, అది..." అంది మేస్త్రమ్మ గోడ దగ్గర్నుంచి.

"భయపడకమ్మా, నొప్పి తెలీదు," అని డాక్టరమ్మ గంట కొట్టింది. తలుపు తెరుచుకుంది, తరవాతి మనిషి లోపలికి వచ్చేసింది.

బయట బల్ల దగ్గర సిస్టరు ఒక కాగితాల దొంతర ముందు పెట్టుకుని కూర్చుంది. ఏ ఆపరేషనో రాయాల్సిన చోట అదే మాట రోజుకు పదిసార్లు రాయలేక వాళ్లు రబ్బరు ముద్ర చేయించుకున్నారు. సిస్టరు దాన్ని ఊదారంగు సిరాలో అద్ది, కాగితం మీద ఠక్కున గుద్దింది. గర్భసంచి తొలగింపు. అక్షరాలు కొంచెం వంకరగా పడ్డాయి. మేస్త్రమ్మ భర్త అప్పుడే వ్యాను ఎక్కడో నిలిపి ఆయాసపడుతూ వచ్చాడు. అక్క వేలు పెట్టి చూపించిన చోట, చదవకుండా, నిలబడే సంతకం పెట్టేశాడు. పెళ్లినాటి నుంచీ ఆయన సంతకాలన్నీ అక్క చూపించిన చోటే.

"ఇక్కడ మీరు," అని సిస్టరు పెన్ను మేస్త్రమ్మ చేతికిచ్చింది.

మేస్త్రమ్మ గీత మీద పెన్ను ఆనించింది. ఆనించి మళ్లీ తీసేసింది. తరవాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"ఎల్లుండి వచ్చేటప్పుడు తెస్తాను," అంది.

మర్నాడు షెడ్డులో పని ఊపిరి సలపనివ్వలేదు. పొద్దున్నే లారీ మీద కప్పే పాత టార్పాలిన్ ఒకటి దిగింది. వెనకవైపు అంచు తాళ్ల నుంచి ఊడిపోయి, రెండు బారల మేర వేలాడుతోంది. తెచ్చిన డ్రైవరు కాలు ఒకచోట నిలవకుండా తిరుగుతున్నాడు.

"ఆ వేలాడేదాన్ని కోసిపారేయండి మేస్త్రమ్మా. పదినిమిషాల్లో పనైపోతుంది, నేను లోడుకి పోవాలి."

మేస్త్రమ్మ గుడ్డను నేల మీద పరిపించి, మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో తడుముతూ పోయింది. చేత్తో తడిమితే గానీ ఆమెకు గుడ్డ సంగతి తెలీదు. కంటికి బాగున్నది చేతికి పిండిలా తగులుతుంది ఒక్కోసారి. ఇది అలా లేదు. బిరుసుగా, నిబ్బరంగా ఉంది.

"గుడ్డకేం రోగం బాబూ? దాన్ని పట్టుకున్న దారం పోయింది. దారం పోతే గుడ్డని కోస్తారా ఎవరైనా?"

"మీ ఇష్టం. తొందరగా కానివ్వండి."

పాత రంధ్రాలున్న చోట మళ్లీ కుట్టడం దండగ, అక్కడ బలం ఉండదు. ఆ సంగతి షెడ్డులో చేరిన ప్రతివాళ్లకీ ఆమె మొదటి రోజే చెబుతుంది. ఊడిన భాగాన్ని పైకి లాక్కుంటూ పోయి, లోపల తాడు దూర్చి మడిచిన గట్టి అంచు ఎక్కడుందో అక్కడికి పట్టించాలి. దబ్బనంలో మైనం రాసిన దారం ఎక్కించి, అరచేతికి తోలు ముక్క కట్టుకుని, పాదంతో గుడ్డను అదిమిపెట్టి ఒక్కో కుట్టూ లాగడం మొదలుపెట్టింది. పదో కుట్టు దగ్గర నడుము కింద బరువు దిగింది. దబ్బనం గుడ్డలోనే గుచ్చి వదిలేసి, కొత్త గుడ్డ చుట్టల వెనక్కి వెళ్లింది. అక్కడ గోడకి చెయ్యి ఆనించి, రెండో చేత్తో జారినదాన్ని లోపలికి నెట్టుకుని, మడతపెట్టిన గుడ్డ సరిచేసుకుని, ఊపిరి కూడదీసుకుని వచ్చింది. రెండేళ్లుగా రోజుకు నాలుగైదుసార్లు ఇదే వరస.

కత్తెరక్క అది గమనించింది. షెడ్డులో గుడ్డ కత్తిరించేది ఆవిడే. అందరికంటే పెద్దది, నోటికి హద్దు లేనిది.

"గురువారమటగా? మంచిదేలే. ఖాళీ చేసిన ఇంటికి కాపలా ఎందుకే?" అంది.

మేస్త్రమ్మ నవ్వింది గానీ ఆ నవ్వు పూర్తిగా రాలేదు. "కత్తెరక్కా, నువ్వు చెప్పు. గుడ్డ బాగుంటే కోస్తావా?"

కత్తెరక్క ఎగతాళి మానేసి, మెడలో వేలాడుతున్న టేపు చేతికి చుట్టుకుంది. "కోసేదాన్ని నేనే కాబట్టి నేనే చెబుతా. కోసింది మళ్లీ అతకదు. అందుకే కత్తెర పెట్టేముందు మూడుసార్లు కొలుస్తాను. నీకు ఎవరైనా కొలిచారా?"

"ఒకసారే చూశారు."

"అడిగావా, ఇంకో దారి ఉందా అని?"

"నన్ను మాట్లాడనిస్తే కదా!"

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆరుగురి మీద పెత్తనం చేస్తావు, నీ ఒంటి మీద నీకు పెత్తనం లేదా? పోయి అడుగు."

సాయంత్రం ఇంట్లో అన్నాలయ్యాక మేస్త్రమ్మ ఆ కాగితాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది. మడతల దగ్గర ఊదా సిరా కొంచెం అలికినట్టయింది.

"నేను దీని మీద సంతకం పెట్టను," అంది.

భర్త చేతిలో మంచినీళ్ల గ్లాసు గాల్లోనే ఆగింది. ఆయన ముందు అక్క వైపు చూశాడు.

"అదేం చోద్యమే! రెండేళ్లుగా ఆ యాతన పడుతున్నావు. పగవాళ్లకి కూడా వద్దు ఆ బాధ. తీయించుకుని హాయిగా ఉండక ఈ పేచీ ఏంటి?" అంది వదిన.

"బాధ పోవాలి వదినా. నిజమే. అది పోవాలని నేననలేదు."

"ఏంటి నీ ఉద్దేశం? మళ్లీ కంటావా నలభై మూడేళ్లకి?"

"కనను."

"మరి దాంతో ఏం చేసుకుంటావు?"

"ఏం చేసుకోను. ఉంటుంది, అంతే. జారినంత మాత్రాన తీసిపారేస్తారా? మీ తమ్ముడి ప్యాంటు జారితే బెల్టు పెట్టుకుంటాడా, నడుం కోయించుకుంటాడా?"

భర్తకు పొరబోయింది. నీళ్లు చొక్కా మీద పడ్డాయి. నవ్వాలో దగ్గాలో తెలియక రెండూ చేశాడు. వదిన మాత్రం నవ్వలేదు.

"నాది తీశారు. నేను చచ్చిపోయానా? నాకేం తక్కువైంది?"

"మీకు తక్కువైందని నేనన్నానా వదినా? నా సంగతి నేను అడుగుతానంటున్నాను. డాక్టరమ్మని ఒక్క ప్రశ్న అడుగుతాను. ఇంకో దారి లేదంటే అప్పుడే పెడతాను సంతకం, మీ ఎదురుగానే."

"పెద్ద చదువులు చదివినావిడకి నువ్వు నేర్పుతావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది!" అని వదిన లేచి వెళ్లిపోయింది. ఒక వాదనలోంచి ఆవిడ తీర్పు చెప్పకుండా లేవడం అదే మొదటిసారి.

భర్త తడిసిన చొక్కా విప్పుతూ మెల్లిగా అడిగాడు. "భయమేస్తోందా?"

"వేస్తోంది. అది చేస్తారని కాదు. నేను నోరు తెరవకుండానే చేసేస్తారని," అంది మేస్త్రమ్మ. ఆయన కాగితాన్ని తిరిగి నాలుగు మడతలు పెట్టి ఆమెకే ఇచ్చాడు.

బుధవారం వార్డులో మంచం ఇచ్చారు. సిస్టరు వచ్చి కాగితం అడిగింది. డాక్టరమ్మతో మాట్లాడాక ఇస్తానంది మేస్త్రమ్మ. సిస్టరు రెండోసారి వచ్చి అడిగింది. మూడోసారి వచ్చినప్పుడు విసుక్కుంది. "మీ ఒక్కరి కోసం లిస్టంతా ఆగుతుందమ్మా." మేస్త్రమ్మ మంచం అంచున చేతులు కట్టుకుని కూర్చుంది, టార్పాలిన్ పుచ్చుకెళ్లడానికి వచ్చిన మనిషి ఎంత అరిచినా ఆఖరి కుట్టు పడేదాకా లేవనట్టు.

మధ్యాహ్నం డాక్టరమ్మే వచ్చింది. ముఖంలో పొద్దుటి నుంచి నిలబడ్డ అలసట ఉంది.

"సంతకం పెట్టలేదట? ఎందుకమ్మా భయం?"

"భయం కాదమ్మా, ఒక మాట అడగాలి. అది చెడిపోయిందా, జారిందా?"

"జారింది."

"చెడిపోలేదు కదా?"

"లేదు. బాగానే ఉంది."

"మరి జారినదాన్ని పైకి లాగి కుట్టలేరా?"

వదిన గబగబా అందుకుంది. "మీరేమీ అనుకోకండమ్మా. టార్పాలిన్లు కుట్టే మనిషి, లోకంలో దేనికైనా దబ్బనమే మందంటుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. పక్క మంచం దగ్గరున్న స్టూలు కాలితో లాక్కుని కూర్చుంది. కూర్చుంటుందని ఎవరూ అనుకోలేదు.

"కుట్టొచ్చు," అంది. "ఆ ఆపరేషన్ ఉంది. నేను చేస్తాను కూడా. ఇంకా పిల్లలు కావాలనే వాళ్లకి చేస్తుంటాను. మీకు అక్కర్లేదు కదా అని..."

"పిల్లలు అక్కర్లేదమ్మా. నాది నాకు కావాలి."

వార్డులో ఆ చివర మంచం మీది మనిషి కూడా తల తిప్పి చూసింది. డాక్టరమ్మ జేబులోంచి పెన్ను తీసి, స్కానింగు కవరు వెనక బొమ్మ గీసింది. "ఇదిగో, తుంటి లోపల, వెన్ను చివరకి దగ్గర్లో తాడు లాంటి గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. సంచి మెడను దానికి కుట్టి పైకి నిలబెడతాను. పొట్ట కొయ్యక్కర్లేదు, కింది నుంచే."

మేస్త్రమ్మ కళ్లజోడు పెట్టుకుని బొమ్మ మీద వేలు పెట్టింది. "సాగిన చోట కుట్టరు కదా?"

"కుట్టను. అక్కడ నిలవదు."

"అదీ మాట! దారమేంటి?"

"తొందరగా కరగనిది."

"ఎన్నాళ్లు ఆగుతుంది?"

ఇప్పుడు డాక్టరమ్మకు కొంచెం నవ్వొచ్చింది. కానీ జవాబు మాత్రం ఆచితూచి చెప్పింది. చాలామందికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. కొందరికి మళ్లీ జారొచ్చు. అసలు తీసేసినా కొందరికి లోపలి గోడలు జారుతాయి, కాబట్టి దేనికీ హామీ రాసివ్వలేనంది. ఉంచుకుంటే రేపెప్పుడైనా దానికి జబ్బు రావచ్చు, పరీక్షలకు వస్తూ ఉండాలి. మూడు నెలలు బరువు ఎత్తకూడదు. కుడి పిరుదులో కొన్ని వారాలు పోటు పెడుతుంది. "తీసేయడం కూడా మంచి ఆపరేషనే. అదీ తప్పు కాదు. రెండూ మీ ముందు పెడుతున్నాను."

"పైకి కుట్టండమ్మా. పోటు నేను భరిస్తాను."

డాక్టరమ్మ లేవబోయి ఆగింది. "ఇదంతా నేను సోమవారమే మీతో చెప్పాల్సింది. ఎవరూ అడగరు, అడగట్లేదని నేనూ చెప్పడం మానేశాను. అది నా తప్పే." ఫైలు తెరిచి తన చేత్తోనే ఏదో రాసింది. పాత కాగితం రద్దు చేసి కొత్తది తయారుచేయమని సిస్టరుతో అంది.

"అమ్మా," అంది వదిన. ఆ గొంతు ఆవిడదిలా లేదు. "పదహారేళ్ల కిందట ఈ కుట్టు ఉండేదా?"

"ఉండేది. అన్ని చోట్లా కాదు. మీకెందుకు తీశారు?"

"జారిందనే."

డాక్టరమ్మ చేతిలో ఫైలు మూసింది. "కాగితాలు చూడకుండా ఏమీ అనలేనమ్మా. మీకు అదే సరైనదై ఉండొచ్చు."

"ఉండొచ్చు," అంది వదిన.

తరవాత గంటసేపు ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. వదిన గంటసేపు ఊరుకుందంటే అది మామూలు సంగతి కాదు. తమ్ముడు కంగారుపడి జ్వరమేమోనని చెయ్యి పట్టుకుని చూశాడు. ఆయన్ని టీ తెమ్మని పంపేసి, వదిన మేస్త్రమ్మ మంచం మీదే ఓ పక్కగా కూర్చుంది.

"నన్నడిగితే నేనూ తీసేయమనేదాన్నేమోనే. అనేదాన్నే. అంత విసిగిపోయున్నాను అప్పటికి. కానీ అడగలేదు కదా. మీ అన్నయ్యని అడిగారు, ఆయన సరేనన్నారు. నాకు మెలకువ వచ్చాక చెప్పారు. ఇంటికొచ్చి పదిరోజులు ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావే అంటే నాకే తెలీలేదు. ఇప్పుడు తెలిసింది."

మేస్త్రమ్మ ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఇరవై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నది లేదు. వదిన చెయ్యి లాక్కోలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆకుపచ్చ గౌను తొడిగి, జుట్టుకి టోపీ పెట్టి, కళ్లజోడు తీయించి మేస్త్రమ్మను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. థియేటరు తలుపు దగ్గర కొత్త సిస్టరు కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. రాత్రి డ్యూటీ వాళ్లు మారిపోయారు.

"కొత్త కాగితమండీ. డాక్టరమ్మగారు మార్చమన్నారటగా. ఇక్కడ భర్తగారు, ఇక్కడ మీరు. తొందరగా."

కొత్తదే. కానీ ఆ సిస్టర్లకు ఓ అలవాటుంది. పని సులువని వారం మొదట్లోనే దొంతర మొత్తానికీ ముద్ర గుద్ది పెట్టుకుంటారు. కొత్త కాగితం తీయడమంటే ఆ దొంతరలోంచి పై కాగితం తీయడమే. కళ్లజోడు లేని మేస్త్రమ్మకు అక్షరాలు చీమల బారులా కనిపించాయి. మార్చారు అన్న మాట చెవిన పడింది, అది చాలనుకుంది. భర్త అప్పటికే పెన్ను తీసి తన గీత మీద గీకేశాడు. పెన్ను మేస్త్రమ్మ వేళ్ల మధ్యకి వచ్చింది.

"ఆగు," అంది వదిన.

కాగితం లాక్కుని, కిటికీ వెలుగులోకి పట్టుకుని, పైనుంచి కింది దాకా పెదాలు కదుపుతూ చదివింది. ఒకచోట ఆగి మళ్లీ చదివింది. మూడోసారి పైకి చదివింది, వరండా అంతా వినబడేలా.

"గర్భసంచి తొలగింపు! ఏమమ్మా, ఇదేనా మార్చడం?"

"అది అన్నిటి మీదా ఉంటుందండీ. లోపల ఫైల్లో సరిగ్గానే రాసుంది. డాక్టరమ్మగారికి తెలుసు."

"ఆవిడకు తెలుసు, సంతోషం. మధ్యలో ఆవిడ పోయి ఇంకొకరు వస్తే? వాళ్లు ఫైలు చూస్తారా, సంతకమున్న కాగితం చూస్తారా? ఈమె దేనికి ఒప్పుకున్నట్టు లెక్క, ఫైలుకా కాగితానికా? చెప్పు తల్లీ, నేనూ నేర్చుకుంటా."

సిస్టరు నీళ్లు నమిలింది. "టైమవుతోందండీ, లోపల అందరూ..."

"అక్కా, ఆలస్యమవుతోందటే," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. చదవకుండా సంతకం గీకిన మగాడివి, నీ సంగతి ఇంటికెళ్లాక చూస్తా." వదిన చక్రాల మంచం ముందుకు వచ్చి, నొప్పుల మోకాళ్లతోనే అడ్డంగా నిలబడి రెండు చేతులా కమ్మీ పట్టుకుంది. "డాక్టరమ్మను పిలవండి. అంతదాకా ఈ బండి కదిలితే నా కాళ్ల మీదుగా కదలాలి."

మేస్త్రమ్మ పడుకున్న చోటు నుంచే చూసింది. కళ్లజోడు లేకపోయినా ఆ వెడల్పాటి వీపు స్పష్టంగానే కనిపించింది. ఇన్నేళ్లూ ఆ నోటికి ఎదురు నిలబడి ఓడిపోవడమే తెలుసు. ఆ నోరు తన పక్షాన నిలబడితే ఎలా ఉంటుందో ఆ పొద్దున తెలిసింది. ఎంత ధైర్యంగా ఉందో!

టోపీ, చేతి తొడుగులతో డాక్టరమ్మ బయటికి వచ్చింది. కాగితం చదివి, ముఖం ఎర్రబడి, సిస్టరు వైపు చూసింది. సిస్టరు నేల వైపు చూసింది. డాక్టరమ్మ తొడుగులు విప్పి, ఆ కాగితాన్ని నిలువుగా చింపి, ఖాళీ కాగితం తెప్పించుకుని, గోడకు ఆనించి రాసింది. రాసినదాన్ని మేస్త్రమ్మ చెవి దగ్గర వంగి చదివింది.

"గర్భసంచిని ఉంచి, పైకి కుట్టుట."

"ఇంకోసారి చదవండమ్మా."

డాక్టరమ్మ ఇంకోసారి చదివింది. వదిన కూడా వంగి చూసి, తల ఊపింది. అప్పుడు మేస్త్రమ్మ సంతకం పెట్టింది. లోపలికి వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ తలుపు పక్క సిస్టర్ల బల్ల మీది రబ్బరు ముద్రను తీసి జేబులో వేసుకోవడం భర్త చూశాడు. ఆ సంగతి ఆయన తరవాత పదిమందికి చెప్పాడు.

నడుములో ఇంజెక్షన్ ఇచ్చాక కాళ్లు మొద్దుబారిపోయాయి గానీ మెలకువ మాత్రం పోలేదు. ముఖం ముందు ఆకుపచ్చ తెర కట్టారు. తెర అవతల ఎవరో లాగుతున్నట్టు, అదుముతున్నట్టు, నొప్పి లేని బరువేదో తెలుస్తోంది. పళ్లేల్లో పనిముట్ల చప్పుడు. మేస్త్రమ్మకు ఊరుకోవడం చేతకాలేదు.

"దొరికిందా అమ్మా, పట్టీ?"

"దొరికింది. చేతికి తగులుతోంది."

చేతికి తగలాలి, అదే ముఖ్యం, అనుకుంది మేస్త్రమ్మ. కాసేపాగి, "రెండు కుట్లు వేయండమ్మా. ఒక్కదాన్ని నమ్మకూడదు," అంది.

తెర అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. "రెండే వేస్తున్నాను మేస్త్రమ్మగారూ," అంది డాక్టరమ్మ. ఆ పేరు ఆవిడకు ఎవరు చెప్పారో! "ఇదిగో, ముడి బిగిస్తున్నాను. పైకి వెళ్లింది. లాగి చూశాను, కదలట్లేదు."

మేస్త్రమ్మ కళ్లలోంచి నీళ్లు రెండు వైపులా చెవుల్లోకి జారాయి. తుడుచుకుందామంటే చేతులు కట్టేసి ఉన్నాయి. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరు కంగారుపడి, నొప్పిగా ఉందా అని అడిగాడు.

"లేదు బాబూ. సంతోషంగా ఉంది," అంది.

మూత్రం కోసం పెట్టిన పైపు మర్నాడు తీయలేదు, శనివారం పొద్దున తీశారు. మూత్రం దానంతటది వస్తేనే ఇంటికి పంపేది అన్నారు. మేస్త్రమ్మ రెండు గ్లాసుల నీళ్లు తాగి, వదిన భుజం పట్టుకుని, కుడి పిరుదులో పోటుకు ఒక్కో అడుగుకీ మూలుగుతూ బాత్రూముకు నడిచింది. వదిన తలుపు బయట నిలబడింది.

లోపల మేస్త్రమ్మ అలవాటు కొద్దీ చెయ్యి కిందికి పోనిచ్చింది. అక్కడ నెట్టడానికి ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. కాసేపు ఏమీ కాలేదు.

"వచ్చిందా?" అంది వదిన తలుపు అవతల నుంచి.

"ఉండండి వదినా!"

అప్పుడు వచ్చింది. ఎవరూ నెట్టకుండా, ఏ వేలూ తగలకుండా, ధారగా, ఆగకుండా వచ్చింది. రెండేళ్లయింది ఆ చప్పుడు విని.

"వచ్చింది వదినా! వచ్చేసింది!" అని అరిచింది లోపల్నుంచి. వార్డులో ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఏంటే ఆ అరుపులు, లాటరీ తగిలినట్టు!" అని కసిరింది.

మేస్త్రమ్మ మంచం మీదికి చేరి, పోటు తగలకుండా ఎడమవైపు తిరిగి పడుకుంది. అటువైపు మంచం మీద ముందురోజు చేరిన ఒక బస్సు కండక్టరమ్మ ఉంది. పాలిపోయిన ముఖం. భర్తా, మరిదీ మంచానికి చెరో వైపు నిలబడి, ఆమె తల మీదుగా మాట్లాడుకుంటున్నారు. భర్త చేతిలో కాగితం ఉంది. పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు.

వదిన మోకాళ్లు పట్టుకుంటూ లేచి అటు నడిచింది. ఎవరూ పిలవలేదు, ఆవిడకు పిలుపులతో పనేముంది?

"ఆ కాగితం ఇలా ఇవ్వండి బాబూ," అంది. ఆయన ఎందుకో తెలియకుండానే ఇచ్చేశాడు. వదిన స్టూలు లాక్కుని, కండక్టరమ్మ ముఖానికి ఎదురుగా కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించింది. ఎక్కడా ముద్ర లేదు, అంతా చేత్తో రాసిందే.

"నీకు తీసేస్తామని రాశారు. ఎందుకో చెప్పారా?"

"గడ్డలున్నాయండీ. రెండేళ్లుగా రక్తం పోతూనే ఉంది. మందులు వాడాను, ఆగలేదు. బస్సులో నిలబడలేకపోతున్నాను."

"వేరే దారులున్నాయా అని అడిగావా?"

"డాక్టరమ్మే చెప్పింది. పొద్దున ఇక్కడే కూర్చుని అరగంట చెప్పింది."

"మరి నీకేం కావాలి?"

కండక్టరమ్మ భర్త వైపు చూడబోయింది. "అటు కాదు, ఇటు చూసి చెప్పు," అంది వదిన.

"తీసేయమనే నాకు ఉంది," అంది కండక్టరమ్మ. అని, కొంచెం ఆగి, ఈసారి గట్టిగా అంది. "నాకు వద్దు అది. తీసేయమనండి."

మేస్త్రమ్మ దిండు మీంచి తల ఎత్తి చూస్తోంది. వదిన ఏమంటుందో, ఉంచుకోమని వాదనకు దిగుతుందేమో అనుకుంది. వదిన వాదించలేదు. కాగితాన్ని కండక్టరమ్మ ఒళ్లో పెట్టి, భర్త అప్పుడే వెతికి తీసిన పెన్ను ఆయన చేతిలోంచి తీసుకుని ఆమెకిచ్చింది.

"నువ్వు అన్నావుగా తల్లీ, ఇక చాలు. పెట్టు సంతకం."

కండక్టరమ్మ దిండు మీద నుంచి లేచి కూర్చుని, తన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది.

"ఇప్పుడు మీరు పెట్టండి బాబూ," అంది వదిన ఆమె భర్తతో. "ఆమె కింద."